ఉప్పు వెయ్యని పులుసు

పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఇషాక్ తన భార్య సిద్దికాకు సముద్రం చూపించాడు. వాడరేవులో పీతలు, నిజాంపట్నం హార్బరులో రొయ్యల వేపుడు తిన్నారు. ప్రతిచోటా ఇషాక్ "అదిరింది" అన్నాడు. అతని మాటకు విలువుంది మరి. మిరపకాయ కొన కొరికి అది ఏ ఊరి చేనిదో చెప్పే నాలుకని గుంటూరు మిర్చి యార్డులో పేరు. కూలి కూడా ఆ నాలుకకే.

ఆఖరి రోజు పడవెక్కి ఓ లంకకు వెళ్లారు. జాలరోళ్ల దగ్గర చందువ చేపలు కొని, మూడు రాళ్ల మీద సిద్దికా పులుసు కాచింది. ఇషాక్ సగం తినేశాక తనూ ఓ ముద్ద పెట్టుకుంది. ఉప్పు వెయ్యడం మరిచిపోయింది!

"అదిరిందే సిద్దికా!"

"ఇందులో ఉప్పేదయ్యా?"

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నీకు రుచి తెలీక ఎన్నాళ్లయింది?"

"మొన్న వానాకాలం యార్డులో పని లేక పత్తికి పురుగుమందు కొట్టిన కాణ్ణించి. ఎవరికీ చెప్పమాకే."

డబ్బా మీద పుర్రె బొమ్మ అచ్చేసిన కంపెనీవాడు చేతికి తొడుగు మాత్రం ఇవ్వలేదు. ఇషాక్ బకెట్లో మోచేతిదాకా చెయ్యి ముంచి మందు కలిపేవాడు.

"కర్రతో కలిపి చావొచ్చుగా!"

"కరిగిందో లేదో కర్రకేం తెలుసే? చేతికైతే తెలుస్తుంది."

"సోమవారం యార్డులో కొత్త కాయ దిగుద్ది. ఏం చెప్తావ్?"

ఇషాక్ కంచం చాపాడు. "ఇంకాస్త పొయ్యి. వేడి మాత్రం తెలుస్తోంది."

ఆమె పోసింది. ఉప్పు పొట్లం పక్కనే సంచిలో ఉంది. ఇద్దరూ దాన్ని తియ్యలేదు.