రాగి కంటే చవక

సముద్రం అవతలి దేశంలో తయారైన మోటారును తమ్ముడు తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు. ధర చెప్పాడు. ఆమె నమ్మలేదు. మేనమామను పిలిపించింది.

ఇళ్ళలో వాడే నీళ్ళ పంపులు చేసే ఆ ఫ్యాక్టరీ తండ్రి పోయాక ఆమె చేతికి వచ్చింది. అమ్మకాలు తమ్ముడు చూస్తాడు. మోటార్లకు రాగి తీగ చుట్టే షెడ్డుకు మేనమామ పెద్ద. తండ్రి ఉన్న రోజుల్లో తండ్రి మాట కూడా ఆ షెడ్డు గుమ్మం దాకానే; లోపల మేనమామ మాటే చెల్లేది.

మేనమామ మూత విప్పి లోపలి చుట్టలు వేలితో తడిమి చూశాడు.

"పనికి వంక పెట్టడానికేం లేదు. రాగి కూడా అసలుదే."

"మనం కొనే రాగి ఖరీదు కూడా లేదు కదా మావయ్యా ఇది. మోటారు మొత్తం ఆ ధరకి ఎలా ఇస్తున్నారు?"

తమ్ముడు అందుకున్నాడు. "వాళ్ళ ప్రభుత్వం ఇప్పిస్తోందక్కా. స్థలం ఊరికే ఇచ్చింది. కరెంటు సగం ధరకే. ఎగుమతి చేసిన ప్రతి మోటారుకీ పైన ఇంత అని ముట్టజెబుతోంది. ప్రపంచమంతా వాళ్ళ మోటార్లే తిరగాలని పంతం."

ఇక్కడ మోటార్లు చేసేవాళ్ళంతా సమావేశం పెట్టుకున్నారు. దిగుమతుల మీద సుంకం వేయమని మంత్రికి మొరపెట్టుకుందామన్నారు. అక్క వెళ్ళి వెనక వరసలో కూర్చుంది, అందరి గోడూ విన్నది. తిరిగొచ్చే దారిలో తమ్ముడితో అంది:

"మనం అమ్మేది పంపు. అక్కడెవరో పన్నులు కట్టి మన మోటారు ఖర్చు భరిస్తామంటుంటే మనం వద్దనడం ఎందుకు?"

"మరి మావయ్య?"



మర్నాడు వార్నిష్ వాసన కొట్టే ఆ షెడ్డులోకి తనే వెళ్ళి, ఇక మోటార్లు బయట కొంటామని, షెడ్డు మూసేస్తున్నానని చెప్పింది. మేనమామ చేతిలోని చుట్ట పూర్తిచేసి, తీగ కొస కత్తిరించి పక్కన పెట్టాడు.

"మీ అమ్మ ఉంటే ఈ మాట ఆవిడ చేత చెప్పించేదానివా?"

"లేదు మావయ్యా. అప్పుడూ నేనే చెప్పేదాన్ని."

"సరే అయితే. ఇక్కడి ఆడపిల్లలకి ఏదో ఒక పని చూపించు. నా సంగతి నేను చూసుకుంటాను."

షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళలో సగం మందిని పంపులు బిగించే విభాగంలోకి తీసుకుంది. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. మేనమామ ఇంటికి రాకపోకలు మానలేదు కానీ, ఫ్యాక్టరీ ఊసు ఎత్తడం మానేశాడు.

పంపుల ధర తగ్గింది, అమ్మకాలు పెరిగాయి. ఇతర దేశాలకు కూడా పంపించారు. సుంకం కోసం మొరపెట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఫ్యాక్టరీలు మూసుకున్నారు. పోటీకి ఎవరూ మిగల్లేదని తేలాక అవతలి ప్రభుత్వం రాయితీ ఆపేసింది. మోటారు ధర చుక్కలనంటింది. అప్పటికి ఇక్కడి ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. దిగుమతి మోటార్ల మీద సుంకం వేసి, తీగ చుట్టడంతో సహా అంతా ఇక్కడే చేసేవాళ్ళకు ప్రోత్సాహకం ప్రకటించింది.

అక్క మేనమామ ఇంటికి వెళ్ళింది. ముందుగది నిండా కాలిపోయిన మోటార్లు. అన్నీ ఆ దేశపువే. వాటికి ఆయన కొత్త తీగ చుట్టి ఇస్తున్నాడు. షెడ్డులో పనిచేసిన మనిషి ఒకామె ఆయన పక్కనే పీట మీద కూర్చుని పాత తీగ పీకుతోంది.

"షెడ్డు మళ్ళీ తెరుస్తున్నాను మావయ్యా."

"పేపర్లో చూశాను. ఎన్నాళ్ళు ఇస్తారట?"

"అయిదేళ్ళు."

"ఆ తర్వాత?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "ఏది గిట్టుబాటైతే అది చేస్తాను."

మేనమామ నవ్వాడు. "నీ మీద కోపం లేదమ్మాయ్. కానీ రాలేను. ఇక్కడికి వచ్చేవాడికి మోటారు తిరిగితే చాలు. ఏ ప్రభుత్వం ఏమంటోందో నేను కనిపెట్టుకుని ఉండక్కర్లేదు."

పీట మీదామె తల ఎత్తకుండానే అంది: "నేను వస్తానమ్మా. షెడ్డు మూసినా నాకు వేరే పని ఇస్తామని రాసివ్వాలి. నాకే కాదు, వచ్చే అందరికీ."

అక్క మేనమామ వైపు చూసింది. ఆయన తీగ వైపు చూస్తున్నాడు.

"జీతం పెంచుతాను. అది మాత్రం రాయలేను," అంది అక్క.

"అయితే నేనూ రాలేను."

అక్క లేచి గుమ్మం దాకా వెళ్ళింది. చెప్పుల్లో కాలు పెట్టింది. వెనక్కి తిరిగి, "రాసిస్తాను," అంది.

షెడ్డుకు సున్నం వేయించారు. చేత్తో చుట్టే పాత పద్ధతి చాలదు గనక యంత్రాలు కావాలి. తమ్ముడు నాలుగు చోట్ల విచారించి వచ్చాడు.

"అన్నిటికంటే చవక ఆ దేశపువే అక్కా. వాళ్ళ ప్రభుత్వం ఇప్పుడు యంత్రాలకి రాయితీ ఇస్తోందట."

"ఇక్కడ చేసేవాళ్ళెవరూ లేరా?"

"ఒకాయన ఉండేవాడు. నిరుడు మూసేశాడు."

వాళ్ళకే ఆర్డరు పెట్టమంది అక్క.