మెడలోతు నీళ్లు

పొక్లెయిన్ గోడను తోసేసినప్పుడు చిన్నక్క పొయ్యి మీద సంగటి ఇంకా ఉడుకుతూనే ఉంది. దించుకునేదాకా ఆగమంది. ఆగలేదు. వంక కాలనీలో మొదట పడిన ఇల్లు అదే. మిగిలిన అరవై రెండు ఇళ్ల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి, సోమవారం వస్తామని వెళ్లిపోయారు.

ఆమె ఇంటిని ఆనుకునే నా విత్తనాల అంగడి. దాని మీద అంకె వేయలేదు.

కాంట్రాక్టరు లక్ష్మీపతి దగ్గర ఒక పటం ఉంది. సముద్రపు ఉప్పెన నదీ ముఖాల్లోకి ఎంత లోపలికి వస్తుందో లెక్కగట్టే కంప్యూటరు ప్రోగ్రాంతో ఎప్పుడో గాని పారని మా వంకకూ వరద పటం గీయించారు. అందులో కాలనీ అంతా నీలం రంగు. మునిగే నేల కాబట్టి మనుషులు ఉండకూడదట. లక్ష్మీపతి కంకర మిషను మాత్రం ఉండవచ్చట.

సాయంత్రం అందరూ పడిన గోడ దగ్గర చేరారు.

"సముద్రం యాడ, మనం యాడ? వంక పారితే చూడనీకి పక్కూరోళ్లు వస్తారీడికి" అంది చిన్నక్క.

కూలీల సంఘం నడిపే సువార్త, తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చిన కాగితం విప్పింది. "కంప్యూటరుకేం తెలుసు చిన్నక్కా? మనం చెప్పిందే అది గీసింది. పోయినేడు వానకు నీళ్లు ఎంత లోతు వచ్చినాయని అడిగినారు గదా. ఒకటో ఇల్లు, మెడలోతు. రెండో ఇల్లు, మెడలోతు. అరవై మూడూ మెడలోతే."

నిజానికి ఆ రోజు నీళ్లు పాదాలు దాటలేదు. కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లను చూసి కరువు సాయానికి రాసుకుంటున్నారనుకున్నాం. ఈ నేల మీద ఎంత నష్టం చెప్పినా సగానికి కోసి రాస్తారు.

"నువ్వే గదా సుంకప్పన్నా, మెడ అని చెప్పమనింది" అన్నాడు గుంపులోంచి లింగన్న.

నేనే. రెట్టింపు అడిగి సగానికి దిగడం నా వ్యాపారం. నా అంగడికి మాత్రం చుక్క రాలేదని రాయించాను. విత్తనం తడిసిందంటే కొనేవాడుండడు. అందుకే పటంలో అంత నీలం మధ్య నా అంగడి తెల్లగా మిగిలింది.

"అబద్ధమని ఒప్పుకుంటే జైలే" అన్నాడు లింగన్న.

"ఒక్కడు ఒప్పుకుంటే జైలు. అందరం ఒప్పుకుంటే యాడ పెడతారప్పా?" అంది సువార్త. "నాకు కావాల్సింది ఇండ్లు. పరువు కాదు."

ఆ తెల్లచుక్కను దాచుకుంటే నా అంగడి నిలుస్తుంది. చూపిస్తే విత్తనాలు తడిశాయని ఊరందరికీ తెలుస్తుంది. రెండూ తూచుకున్నాను. మేం చెప్పింది అబద్ధమని సువార్త రాసిన కాగితం మీద ముందు నేనే వేలిముద్ర వేశాను.

సోమవారం పొక్లెయిన్‌తో తహసీల్దారు, ఎస్ఐ, పటం గీసిన ఇంజనీరు శశికుమార్ వచ్చారు. సువార్త వేలిముద్రల కాగితం ఇచ్చింది. నేను ఇంజనీరును పడిన గోడ దగ్గరికి తీసుకెళ్లాను.

"సార్, ఈ పక్క మెడలోతు. జానెడు అవతల నా అంగడిలో చుక్క లేదు. నీళ్లు నన్ను చూసి పక్కకు పోయినాయా? నా విత్తనాలూ తడిసినాయి. మేం చెప్పింది అబద్ధం."

శశికుమార్ పటాన్నీ గోడనూ చాలాసేపు చూశాడు. "లెక్క మళ్లీ వేయాలి" అన్నాడు మెల్లగా.

"పటం ఆమోదమైపోయింది" అన్నాడు తహసీల్దారు. "ఆఫీసుకు అబద్ధం చెప్పమన్నదెవరు?"

"నేనే" అన్నాను. ఎస్ఐ నా చొక్కా పట్టుకుని పోలీసు వ్యాను ఎక్కించాడు.

"చెప్పింది నా నోరు" అంటూ చిన్నక్క వ్యాను ఎక్కింది. ఆ వెనక లింగన్న. ఆ వెనక కాలనీ. వ్యాను నిండిపోయింది. ఎక్కలేకపోయిన వాళ్లతో సువార్త కింద మిగిలింది.

వ్యాను మలుపు తిరుగుతుంటే వెనక పొక్లెయిన్ చప్పుడు వినిపించింది. ఇంకో గోడ కూలింది. తర్వాత కేకలు. చప్పుడు ఆగింది. ఎవరైనా దాని కింద పడ్డారో, అందరూ దాని ముందు కూర్చున్నారో మాకు కనిపించలేదు.

స్టేషన్‌లో రైటరు పుస్తకం తెరిచి, ఎంతమంది అని అడిగాడు.

"అరవై మూడిండ్లు" అంది చిన్నక్క. "సగం మందిమి ఈడ ఉండాం. తక్కినోళ్లు నడిచి వస్తాండారు. ఈసారి సరిగ్గా రాసుకో నాయనా."