గాస్పరే ముఖం

"ముఖం కావాలమ్మా," అన్నాడు సారో. "ఒంటిమీద ఏముందన్నది నాకొదిలెయ్యండి. బనీనుతో ఉన్నా సరే. కోటూ టైయ్యీ నేనే తొడుగుతాను. ఈ శ్మశానంలో సగంమంది నా కోటే వేసుకున్నారు."

శ్మశానం గేటు పక్కనే సారో దుకాణం. సమాధి రాళ్ళకు అతికించే పింగాణీ బిళ్ళలు చేస్తాడు. కోడిగుడ్డు ఆకారంలో, అరచేతి వెడల్పున ఉంటాయి. ఫొటో ఇస్తే బిళ్ళమీదికి ఎక్కించి బట్టీలో కాలుస్తాడు. అటూ ఇటూ గోడలనిండా ఆ బిళ్ళలే. అందరూ సారో కోటులో నవ్వుతూ ఉన్నారు.

మిమ్మా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె మొగుడు గాస్పరే పోయి నలభై రోజులు. కాపో బజారులో ముప్ఫై ఏళ్ళు చేపలమ్మినవాడు, ఆగస్టులో ఒక పొద్దున చేపల బల్లకు ఆనుకుని అలాగే జారిపోయాడు.

"ఫొటో లేదు," అంది పక్కనున్న పీనా. ఆమె గాస్పరేకు అక్క.

సారో నవ్వాడు. "కాపో గాస్పరేకి ఫొటో లేదా? ఏం మాటమ్మా అది! ఊళ్ళోకి ఓడ దిగిన ప్రతి విదేశీయుడూ ఆయన్ని ఫొటో తీసుకుపోయాడు గదా."

"వాళ్ళు తీసుకుపోయారు. మాకేం మిగల్లేదు."

"పెళ్ళి ఫొటో అయినా..."

"పెళ్ళా!" అంది పీనా. "లేచిపోయినవాళ్ళకి పెళ్ళి ఫొటో ఏమిటి నాయనా. మూడు రోజులు మేనత్త ఇంట్లో దాక్కుని వస్తే, ఫాదరుగారు తెల్లారకముందే చర్చి పక్కగుమ్మంలోంచి రమ్మని ప్రార్థన చదివి పంపించేశారు. తెల్ల గౌనూ లేదు, ఫొటో లేదు."

మిమ్మాకు ఏభై ఆరేళ్ళొచ్చినా ఆ మాటకు చెవులు ఎర్రబడ్డాయి.

"గుర్తింపు కార్డు?"

మిమ్మా సంచీలోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది. ఏప్రన్ జేబులో ఏళ్ళతరబడి ఉప్పునీళ్ళలో నానిన కార్డు. ఫొటో ఉండవలసిన చోట ఒక జత కనుబొమలూ, వాటికింద బూడిదరంగు మరకా మిగిలాయి.

"ఒక్క మంచి ఫొటో ఉండేది," అంది పీనా. "మొందెల్లో ఊరి సముద్రం దగ్గర ఇద్దరూ ఐస్‌క్రీం తింటూ దిగింది. దాన్ని ఈవిడగారు వాడి జేబులో పెట్టి పంపించేసింది. పెట్టె మూసి సీలేశాక గుర్తొచ్చింది రాయికి ఫొటో కావాలని."

"అక్కడ ఒక్కడే ఉంటాడు గదా అని పెట్టాను వదినా," అంది మిమ్మా. శవపెట్టెలో ఏదో ఒకటి ఎవరైనా పెడతారు. మేనమామకు చీట్లపేక పెట్టారు, పీనా మొగుడికి సిగరెట్లూ అగ్గిపెట్టే పెట్టారు. మిమ్మా ఫొటో పెట్టింది.

సారో గడ్డం గోక్కున్నాడు. "అన్నదమ్ములెవరన్నా ఉన్నారా పోలికున్నవాళ్ళు? మీరేం అనుకోకండి, ఇది నేను కొత్తగా చేసే పనికాదు. కోటు తొడిగి, జుట్టు కాస్త దిద్దితే ఎవరూ కనిపెట్టలేరు."

పీనా ముఖం వెలిగింది. "మా తొతో! అచ్చుగుద్దినట్టుంటారు ఇద్దరూ."

"వద్దు," అంది మిమ్మా.

తొతో గాస్పరేకు పెద్దన్న. తూరిన్ కార్ఖానాలో పనిచేసి అక్కడే పోయాడు, సమాధీ అక్కడే. లేచిపోయి వచ్చిన రోజున నడివీధిలో గాస్పరే చెంప పగలగొట్టిన మనిషి. ఆ తరవాత తను పోయేదాకా ఇరవై రెండేళ్ళలో మిమ్మా ఇంట్లో ఒక్క ముద్ద తినలేదు. ఆ ముఖాన్ని గాస్పరే పేరుమీద అతికించి, ప్రతి ఆదివారం దానికి పూలు పెట్టాలా?

"అక్టోబరు పదిహేను దాకా చూస్తాను," అన్నాడు సారో. "ఆ తరవాత బట్టీలో ఖాళీ ఉండదు. నవంబరు రెండున పెద్దల రోజుకి అందరికీ బిళ్ళలు కావాలి."

*

పద్నాలుగేళ్ళపాటు గాస్పరే విదేశీయులకు తన చిరునామా చెబుతూనే వచ్చాడు. ఫొటో పంపిస్తామనేవాళ్ళు. వాళ్ళ చిన్న పుస్తకాల్లో రాసుకునేవాళ్ళు. గాస్పరే ఒక్కొక్క అక్షరం చెప్పి, సరిగా రాశారా లేదా అని వంగి చూసేవాడు. ఆ పద్నాలుగేళ్ళలో ఒక్క కవరు వచ్చింది, డెన్మార్కు నుంచి. దానిలో ఫొటోనిండా కత్తిచేప తల. ఆకాశంలోకి నిలబడ్డ దాని ముక్కు వెనక ఒక మనిషి చెవి.

"చెవి నాదే," అని గాస్పరే ఆ ఫొటోను వీధంతా చూపించుకొచ్చాడు.

మిమ్మా ఆ చెవిని కూడా సారోకు చూపిద్దామా అనుకుంది. తరవాత రుజ్జేరో గుర్తొచ్చాడు.

రుజ్జేరో ఈ ఊరివాడే. గోడ కేలెండర్లకూ, యాత్రికులు కొనుక్కునే పెద్ద బొమ్మల పుస్తకాలకూ ఫొటోలు తీస్తాడు. పదిహేనేళ్ళుగా వారానికి రెండుసార్లు కాపోకు వచ్చేవాడు. ఎర్ర గుడ్డల పందిళ్ళ కింద, పొద్దున ఎండ ఏటవాలుగా దిగే వేళ, గాస్పరే బల్ల ఎదుట గంటలకొద్దీ నిలబడేవాడు.

అతనిది నాలుగో అంతస్తు. మెట్లెక్కేసరికి మిమ్మాకు ఆయాసం వచ్చింది.

"రా అక్కా, రా. విన్నాను. ఎంత మంచి మనిషి!" అన్నాడు రుజ్జేరో. అతనికి ఏభై దాటాయి, జుట్టు వెనక్కి దువ్వి ముడేసుకున్నాడు. "కాఫీ పెట్టనా?"

"వద్దు బాబూ. ఒక్క ఫొటో కావాలి. ముఖం కనపడేది. అంతే."

"ఒక్కటేమిటి! మా ఇంట్లో గాస్పరే వెయ్యి మంది ఉంటారు."

బీరువాలోంచి అట్టపెట్టెలు దించాడు. పెట్టెలనిండా ఫిలిం రీళ్ళను వరసగా అచ్చువేసిన కాగితాలు. ఒక్కో కాగితం మీద తపాలా బిళ్ళంత బొమ్మలు ముప్ఫయ్యారు. ఆమె చేతికి భూతద్దం ఇచ్చాడు. మిమ్మా ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించింది.

మొదటి బొమ్మలోనే గాస్పరే చెయ్యి కనిపించింది. బొటనవేలి మీద తెల్లగా కోతగాటు. ఆమె అద్దాన్ని ఇంకా దగ్గరికి నొక్కుకుంది. పక్క బొమ్మలో అదే చెయ్యి, కత్తి, చేప పొట్ట. తరవాత వీపు. మోచేతి దగ్గర తను రఫూ చేసిన నీలం స్వెట్టరు. దారం రంగు కలవలేదని ఆ రోజు గాస్పరే అన్నాడు, చేపలకేం తెలుస్తుందిలే అని తను అంది. తరవాత టోపీ అంచు, దానికింద నల్లటి నీడ. నీళ్ళు చల్లుతున్న గిన్నె. మంచుమీద ఎర్ర వెలుగు. మళ్ళీ చేతులు.

ఒక పెట్టె అయింది. రెండోది అయింది. రుజ్జేరో కాఫీ పెట్టుకొచ్చాడు, అది చల్లారిపోయింది.

"ముఖాలేవీ?" అంది మిమ్మా.

"ఉంటాయి, చూడు."

మూడో పెట్టె సగంలో ఉండగా ఆమె అద్దం దించింది. "రుజ్జేరో బాబూ, నువ్వు నొక్కే ప్రతిసారీ ఆయన అటు తిరిగే ఉన్నాడు."

రుజ్జేరో ఆమె పక్కన కూర్చుని తనూ ఒక కాగితం చూశాడు. తరవాత ఇంకొకటి తీశాడు.

"తిరిగేదాకా ఆగేవాణ్ణక్కా," అన్నాడు చివరికి. "నా పని పద్ధతి అది. ముఖముంటే బొమ్మ ఒకరిదైపోతుంది. ఫలానా మనిషి అని తెలిసిపోతుంది. కేలెండర్ కొనేవాడికి అది అక్కర్లేదు. చేతులూ, వెలుగూ ఉంటే చాలు, ఎవరి గోడమీదైనా సరిపోతుంది."

"ఆయన నీకేసి చూసేవాడా?"

"చూడకేం. ఎప్పుడూ చూసేవాడు. 'రా రుజ్జేరో, ఇవాళ గడ్డం గీసుకున్నాను' అనేవాడు. నేను, 'పని చూసుకో గాస్పరే, నన్ను పట్టించుకోకు' అనేవాణ్ణి." కాగితం పెట్టెలో పెట్టేశాడు. "వంగి చేప అందుకోగానే నొక్కేవాణ్ణి."

మిమ్మా భూతద్దాన్ని నల్ల శాలువా అంచుతో తుడిచి బల్లమీద పెట్టింది.

"ఒక ఆదివారం మా ఇంటికి వస్తానన్నావు," అంది.

"నేనా?"

"మూడేళ్ళ కిందట. మా ఇద్దరినీ కలిపి ఒకటి తీసిపెట్టమని ఆయన అడిగాడట. మాకు ముప్ఫయ్యో ఏడు. వస్తానన్నావట. ఆయన తెల్ల చొక్కా వేసుకుని కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు, వెలుతురు అక్కడ బాగుంటుందని నువ్వే చెప్పావని. నేను చిన్నచేపలూ అడవి సోపూ వేసి పాస్తా వండాను, నీకూ కలిపి. మధ్యాహ్నం రెండు గంటలదాకా చొక్కా నలుగుతుందని వెనక్కి ఆనుకోలేదు ఆయన."

రుజ్జేరో నేలకేసి చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడని తెలుస్తోంది, గుర్తు రావడంలేదనీ తెలుస్తోంది.

"ఆ రోజు ఏదో పని పడి ఉంటుందక్కా."

"పడే ఉంటుంది. ఆయన కూడా అదే అన్నాడు. ఆ సోమవారం నీకు మంచి కవ్వళ్ళ చేపలు ఏరి పెట్టాడు కూడా."

రుజ్జేరో మిగిలిన పెట్టెలన్నీ తనే వెతుకుతానన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే వెతికాడు. వారం తరవాత ఒక పెద్ద కవరు తెచ్చి ఇచ్చాడు. దానిలో అద్భుతమైన ఫొటో: గాస్పరే రెండు చేతులు, కత్తి, వేళ్ళమధ్య మంచు కరిగి జారుతున్న చుక్క. చుక్కలో కూడా ఎర్ర వెలుగు పడింది. అంతకన్నా ఏమీ దొరకలేదు.

"చేతులకి కోటెలా తొడగనమ్మా?" అన్నాడు సారో దాన్ని చూసి. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

*

ఈలోపు పీనా తొతో ఫొటో తెచ్చి మిమ్మా వంటింటి బల్లమీద నిలబెట్టి వెళ్ళింది.

"చూస్తూ ఉండు. అలవాటవుతుంది," అంది.

"తీసుకుపో వదినా."

"నేను తీసుకుపోను. అనాథప్రేతంలాగా ఉత్త రాయి పెట్టుకుని కూర్చుంటావా? ఊరంతా ఏమంటుంది? ముఖం కూడా పెట్టుకోలేదు పెళ్ళాం అంటుంది."

మిమ్మా దాన్ని బోర్లించింది. బల్ల తుడిచేటప్పుడు ఎత్తవలసివచ్చింది, మళ్ళీ నిలబెట్టింది. బీన్సు ఒలుస్తుంటే ఎదురుగా ఉంది. రొట్టె కోస్తుంటే ఎదురుగా ఉంది. పోలిక లేదని తనకు తను చెప్పుకోవడానికి గాస్పరే ముక్కును గుర్తు తెచ్చుకుంది. కొనదగ్గర కొంచెం ఎడమకు వంగి ఉండేది. ఎడమకేనా? అద్దంలో చూసినప్పటి ఎడమా, ఎదురుగా చూసినప్పటి ఎడమా? లేచి కుర్చీ ఆయన కూర్చునే వైపు జరిపి, ఎదురుగా కూర్చుని ఆలోచించింది. కళ్ళముందుకి చెయ్యి వచ్చింది, కోతగాటుతో సహా. నీలం స్వెట్టరు వచ్చింది. చెవి వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి టోపీ కింద నీడ పడింది.

ముప్ఫై మూడేళ్ళు చూసిన ముఖం. పొద్దున్నే కాఫీ ఇస్తూ, సాయంత్రం కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తూ, ఇంకా ఉంటుంది గదా అని సరిగా చూడని ముఖం.

అక్టోబరు పద్నాలుగున కళ్ళు మూసుకుంటే ఒక ముఖం చప్పున వచ్చింది, స్పష్టంగా. ముక్కూ, గడ్డం, కళ్ళకింద గీతలూ అన్నీ ఉన్నాయి. కళ్ళు తెరిచి చూస్తే అది బల్లమీది తొతో.

మర్నాడు పీనా వచ్చేసరికి మిమ్మా ఆ ఫొటోను పాత వార్తాపత్రికలో చుట్టి సిద్ధంగా ఉంచింది.

"ఇచ్చెయ్యి సారోకి," అంది.

పీనా పొట్లం చంకలో పెట్టుకుంది. మెట్లు దిగుతూ, "జుట్టు పలచన చెయ్యమని చెబుతాలే," అంది.

*

పెద్దల రోజున ఎండ బాగా కాసింది. శ్మశానమంతా తిరునాళ్ళలా ఉంది. చామంతుల గుత్తులు, నీళ్ళ బకెట్లు, మడత కుర్చీలు, చక్కెర బొమ్మలు కొరుక్కుంటూ పిల్లలు. మిమ్మా రాయి కడిగింది, తుడిచింది. గాస్పరే పేరు మీద, సారో కోటు వేసుకుని, తొతో ఉన్నాడు. బాగా వచ్చిందని దారిన పోయేవాళ్ళు ఆగి చెప్పారు.

"ఎంత చక్కగా ఉన్నాడమ్మా. ఇప్పుడు పలకరిస్తాడా అన్నట్టుంది," అంది కాపోలో ఆలివు కాయలమ్మే ఆవిడ. పదేళ్ళు గాస్పరే పక్కబల్ల ఆవిడది.

"అవును," అంది మిమ్మా.

అంతవరకూ ఆమెకు ఇంకా ఒక ఆశ ఉండేది, ఎవరో ఒకరు 'ఇది గాస్పరే కాదే' అంటారని. వాళ్ళ కళ్ళలోనైనా ఆయన ఉండి ఉంటాడని. మధ్యాహ్నం దాకా చూసింది. ఎవరూ అనలేదు.

మడత కుర్చీలో కూర్చుని తల తిప్పేసరికి, రెండు వరసల అవతల రుజ్జేరో కనిపించాడు. మెడలో కెమేరా. అతను ఆమెను చూసి చెయ్యెత్తి, బిళ్ళలో ఉన్న ముఖాన్ని చూసి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. దొరికిందన్నమాట, అని తల పంకించాడు. తరవాత కెమేరా కంటికి ఎత్తాడు.

మిమ్మా కదలలేదు. అతనికేసి సూటిగా చూసింది. నల్ల శాలువా నుదుటిమీంచి వెనక్కి జరిపింది, నీడ పడకుండా. తీసుకో, అనుకుంది. ఒక్కటి తీసుకో. నేనన్నా మిగలనీ.

కెమేరా ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. నొక్కలేదు. అతని వేలు మీటమీదే ఉంది. అతను దేనికోసం ఆగాడో మిమ్మాకు తెలుసు. తెలిసే కూర్చుంది, మెడ బిగబట్టి, రెప్ప వెయ్యకుండా. ఎండకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చూపు తిప్పలేదు.

"ఏమే మిమ్మా!" వెనకనుంచి పీనా కేకేసింది. "ఈ బకెట్టు పట్టవే, నడుము పోతోంది!"

మిమ్మా అటు తిరిగింది.

చామంతుల మీదుగా, చిన్నగా, క్లిక్కుమని చప్పుడు వినిపించింది. ఆమె మళ్ళీ ఇటు తిరిగేసరికి రుజ్జేరో ఫిలిం చుట్టుకుంటున్నాడు.