గురక ఆగిన ఇల్లు

మూడు రకాల మాత్రలు రాసినా ముత్యాలయ్య బీపీ దిగలేదు. సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె మనిషి కదా, ఉప్పుచేప మానలేదనుకుని అతని భార్య అంకాలమ్మను కసిరాను. డాక్టరునని కూడా చూడకుండా ఆమె తిరిగి నన్నే కసిరింది.

"ఈయనతో పాటు చప్పిడి కూడు తిని నా నాలుక చచ్చిపోయింది సార్. ఈయన గురక మాత్రం తగ్గలా."

గురక మధ్యలో ఆగుతుందా అని అడిగాను. బోటు ఇంజిన్ నడిపే ముత్యాలయ్యే జవాబు చెప్పాడు.

"డీజిల్ పైపులో గాలి దూరిన ఇంజిన్ మాదిరి ఆగి ఆగి కొడతాదంట సార్. బోటులో వాళ్ళు చెప్పినారు."

పరీక్ష చేయిస్తే నిద్రలో ఊపిరి ఆగే జబ్బని తేలింది. మాత్రలు మానకుండా, ముక్కుకు గాలి పంపే మిషన్ పెట్టుకుని పడుకోమన్నాను.

నెల తర్వాత అతని బీపీ దిగింది. కళ్ళు ఎర్రబడ్డ అంకాలమ్మకు చూస్తే, ఆమెది పెరిగింది.

"గురక పోయింది కదమ్మా, ఇంకేం?"

"అదే సార్. చప్పుడు లేకపోతే మనిషి ఉండాడో లేడోనని లేచి లేచి చూస్తా ఉండా."

"ఊపిరి ఆగింది గురక పెట్టిన రోజుల్లోనే. అప్పుడేమో హాయిగా నిద్రపోయినావు," అన్నాను.

అంకాలమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఆగేటప్పుడు నాకొక మాట చెప్పొద్దా?"