పెద్దమ్మ పలికిన పేరు

ఆ ఆదివారం సాయంత్రం సముద్రం ఒడ్డునున్న వైతికుప్పం పక్క వీధిలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ వేల్మురుగన్, ఆయన భార్య చిన్నమ్మాళ్, సైన్యంలో శిక్షణ ముగించుకుని సెలవు మీద వచ్చిన వాళ్ళ కూతురు కయల్విళి, ఏంబలం నుంచి కాలేజీ చదువుకొచ్చి వాళ్ళింట్లోనే ఉంటున్న చిన్నమ్మాళ్ చెల్లెలి కూతురు ఇలక్కియ. ఎక్కువగా మాట్లాడుతున్నది ముగ్గురే. ఇలక్కియ వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

మర్నాడు కాలేజీలో ఎన్‌.సి.సి. ఎంపిక. వరుసలో నిలబడి పేరు, ఊరు చెప్పాలట. మైదానం అవతలి ఆఫీసరుకు వినపడకపోతే ఇంటికి పొమ్మంటారట. ఆ యూనిఫాం వేసుకోవాలని ఇలక్కియకు ఎంత ఆశో, పదిమందిలో నోరు తెరవాలంటే అంత భయం. ఏంబలం బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తడమే తప్ప పలికింది లేదు.

“నేను మాత్రం పలికినానా?” అంది కయల్విళి. “ట్రైనింగ్‌లో మూడు దినాలు నేను లేనట్టే లెక్క.”

“యాడికి పోతివక్కా?” అంది ఇలక్కియ.

“యాడికీ పోలా. వరసలోనే ఉండా. మనకి ఇంటిపేరు రాసే అలవాటు యాడుంది? పేరు ముందర నాయన పేరుకి గుర్తుగా వి అని ఒకే అక్షరం. ఆడ ఫారంలో దాన్ని పూర్తిగా రాయమనిరి. నాయన పేరు ముందర, నా పేరు ఎనక రాసేస్తి. డ్రిల్లు నేర్పే ఉస్తాద్ ముందరి పేరే పిలుస్తాడు. ‘వేల్మురుగన్’ అంటానే, నాయన ఎప్పుడొచ్చినాడబ్బా అని గేటు దిక్కు చూస్తా ఉంటి.”

“నేనీడ స్తంభమెక్కతా ఉంటే ఆడ నాకు ఆబ్సెంటు ఏసినారు,” అన్నాడు వేల్మురుగన్.

“నాలుగో దినం మైదానం పొడుగునా పల్టీలు కొట్టించినాడు. లేచేసరికి భూమంతా తిరగతా ఉంది. అప్పుడరిచినా చూడు, హాజర్ ఉస్తాద్ అని. ఆ పొద్దు నుంచి నాయన పేరుకే పలికినా. అయినా నాదేముంది, అమ్మది చెప్పమను.”

చిన్నమ్మాళ్ కొంగుతో నోరు మూసుకుంది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా, కూతురు శిక్షణకు పోయేదాకా ఆమె మొగుడి పేరు నోటితో అనలేదు. రేషన్ షాపులో అడిగితే కార్డు చూపించేది. శిక్షణలో మొదట్లో పిల్లల సెల్‌ఫోన్లు తీసి పెట్టేశారు. కూతురితో మాట్లాడాలంటే ఆదివారం శిక్షణ కేంద్రం ఆఫీసుకు ఫోన్ చేసి, జాబితాలో ఉన్న పేరు చెప్పాలి.

“ఆఫీసులో ఉన్నది సేలం ఆయన,” అంది కయల్విళి. “కయల్విళి అంటే ఆ పేరు లిస్టులో లేదన్నాడంట. ‘అయితే ఆరు ముఖాల సామి పేరు చూడయ్యా’ అనింది అమ్మ. ‘షణ్ముగమా, కార్తికేయనా?’ అన్నాడాయన. ‘ఆ సామే, చేతిలో ఆయుధం ఉంటుందే’ అనింది. ‘ఇది సైన్యమమ్మా, ఈడ అందరి చేతిలోనూ ఉంటుంది’ అన్నాడంట.”

“రెండు ఆదివారాలు అట్నే ఫోన్ పెట్టేస్తి,” అంది చిన్నమ్మాళ్. “మూడో ఆదివారం పిల్ల గొంతు వినకుండా అన్నం దిగలా. ఫోన్ తీసుకోని మిద్దెక్కి, కండ్లు మూసుకోని ఆ పేరు అరిచేస్తి.”

“కింద సైకిల్ తుడుస్తా ఉన్న నేను ‘ఏందే’ అని పలికినా,” అన్నాడు వేల్మురుగన్. “ఇరవై ఆరేండ్లకి మొదటిసారి పిలిస్తే పలకకుండా ఎట్లుండేది?”

ఇలక్కియ అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్నమ్మాళ్ అది చూసి, ఆమె ఒళ్ళో చేట తీసి పక్కన పెట్టింది.

“మొగుడి పేరే అరిచినా నేను. నీ పేరు చెప్పుకునేదానికి నీకేంది సిగ్గు? లెయ్.”

భుజం పట్టి అరుగు మీదికి తీసుకొచ్చింది. “మణియమ్మ మిద్దె కనపడతా ఉందా? ఆడికి వినపడాల.”

“రేపు చెప్తాలే పెద్దమ్మా.”

“నాకే వినపడలా.”

“కె. ఇలక్కియ, ఏంబలం.” గోడ మీద కాకి కదలలేదు. రెండోసారికి అది తల తిప్పి చూసింది. మూడోసారికి ఎగిరిపోయింది. వీధి చివరి మిద్దె మీద ఉతికిన బట్టలు తీస్తున్న మణియమ్మ పిట్టగోడ మీదుగా తొంగి చూసి, “ఎవురే ఆ ఇలక్కియ?” అంది.

ఇలక్కియకు నవ్వు ఆగడం లేదు. లోపలికి రాబోయింది. గడపలో చిన్నమ్మాళ్ అడ్డంగా నిలబడింది.

“ఇది మణియమ్మ వరకే. మైదానం ఇంకా పెద్దది. ఇప్పుడు సముద్రానికి చెప్పు,” అని తలుపు మూసేసింది.