టార్చి పట్టుకునే ఉద్యోగం

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో నా ఉద్యోగం టార్చి పట్టుకోవడం. మా ఆయన జనార్ధనరావు టీవీ వెనక్కి దూరి, అద్దెకు తెచ్చిన వీడియో డెక్కుకు వైర్లు తగిలిస్తాడు. నేను వంగి వెలుగు చూపిస్తాను. పొయ్యి మీద పప్పు పొంగినా, నా నడుం పట్టేసినా టార్చి కదలకూడదు. కదిలితే, "నిలబడ్డం కూడా రాదా నీకు?" అంటాడు. ముందుగదిలో ఆయన ఫ్యాక్టరీ స్నేహితులు కాళ్ళు చాపుకుని ఉంటారు. తెర మీద బొమ్మ పడగానే, "రావుగారి హస్తవాసి మంచిదండీ" అంటారు. నన్ను మంచినీళ్ళు అడుగుతారు.

వైర్లు నాకేమన్నా కొత్తా? పెళ్ళికి ముందు హోసూరులోనే ఒక కంపెనీలో రెండేళ్ళు లైన్లో కూర్చుని వైర్లు అతికించాను. ఆ లైనుకు ఈయనే సూపర్‌వైజరు. నా పని చూస్తే ముచ్చటేస్తుందని వెంటపడ్డాడు. తాళి కట్టిన నెలకే, "సూపర్‌వైజరు పెళ్ళాం లైన్లో కూర్చుంటే నా పరువేం కాను?" అన్నాడు. ఆ పరువేమిటో ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఇంట్లో అందరికంటే ముందు దానికే నేను వడ్డించాలి.

మా అత్త నాగరత్నం గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. నాది హోసూరు పక్క ఉద్దనపల్లి. మా నాన్న గొర్రెలు కాస్తాడు. మా ఊళ్ళో అక్కడ అనం, ఆడ అంటాం. ఇక్కడకు ఈడ, ఎక్కడకు యాడ. మొదటిరోజే అత్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, "తెలుగుపిల్లేనని మావాడు రాస్తే నమ్మాను. వచ్చి చూద్దును కదా, దీని తెలుగుకి మళ్ళీ ఒకరు తెలుగు చెప్పాలి" అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో నా నోరు నాది కాదు. ప్రతి మాటా ఒకసారి లోపల కడిగి బయటపెట్టేదాన్ని.

కిందటి వారం డెక్కు తిరిగిచ్చేందుకు వెళ్తే, బస్టాండు వెనక వీడియో షాపు నడిపే మంజులమ్మ నన్ను కూర్చోబెట్టింది. "కెంపమ్మా, ఇండ్లకు పోయి డెక్కు తగిలించేదానికి ఒకరు కావల్ల. పగలంతా ఇండ్లల్లో ఆడోళ్ళే ఉంటారు. మొగోళ్ళను పంపితే తలుపు తీయరు. నీకు వైరుపని తెలుసు కదా, వస్తావా?" అంది. వస్తానని అక్కడికక్కడే అనాలనిపించింది. కానీ ఇంట్లో అడిగి చెప్తానన్నాను. ఆ మాటన్నందుకు దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. వారమంతా ఆయన మొహం చూశాను. ఆదివారం సినిమా బాగుంటే మంచి మూడ్‌లో ఉంటాడు, అప్పుడు అడుగుదామనుకున్నాను.

ఆ ఆదివారం ఈయన ఎంతకీ వైరు తగిలించలేకపోయాడు. డెక్కు వెనక రెండు చోట్లున్నాయి. ఒకటి గుంట, దాన్ని మెకానిక్కులు ఆడ పిన్ను అంటారు. రెండోది పొడుచుకొచ్చింది, అది మగ పిన్ను. ఈయన చేతిలో ఉన్న వైరు కొస కూడా గుంటే. గుంటను గుంటలో పెట్టి కుక్కుతున్నాడు. ముందుగదిలోంచి వీరాస్వామి అనే స్నేహితుడు, "ఏం రావుగారూ, బొమ్మ పడేది ఇంటర్వెల్ తర్వాతా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయన చెవులు ఎర్రబడ్డాయి. నేను కంగారులో మాట కడగడం మరిచిపోయాను. టార్చి వెలుగు మగ పిన్ను మీదికి తిప్పి, "ఆ కొస ఆడ పెట్టండి" అన్నాను.

ఆయన చూశాడు. వెలుగు ఎక్కడ పడిందో చూశాడు. నేనేమన్నానో ఆయనకు బాగా అర్థమైంది. కానీ ముందుగదికి వినబడేలా, "విన్నారా, ఆడ పెట్టమంటోంది మా ఆవిడ. ఆడదాని మాట కాదంటామా?" అని, ఆ కొసను ఆడ పిన్నులోకే స్క్రూడ్రైవరుతో పొడిచి నెట్టాడు. పటుక్కుమని పిన్ను విరిగి డెక్కు లోపలికి పడిపోయింది.

ఆయన ముందుగది వైపు తిరిగి అన్నాడు. "ఆడ, ఈడ అని కంగారుపెట్టి విరగ్గొట్టించింది."

"దాన్నెందుకు దగ్గరికి రానిచ్చావురా?" అంది అత్త.

వీరాస్వామి నా వైపు చూసి, "పోన్లెండమ్మా, తెలియక చేశారు" అన్నాడు. నన్ను క్షమించాడు. ఆ క్షమకు నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు. "షాపుకి పోయి నువ్వే విరగ్గొట్టానని చెప్పు. ఊళ్ళో నాకో పేరుంది. నీకు పోయేదేముంది?"

పోయేదేమిటో ఆయనకు చెప్పనేలేదు కదా. డెక్కు విరగ్గొట్టిన చేతిని ఎవరు పనిలో పెట్టుకుంటారు?

స్కూటరు మీద వెనక కూర్చుని, డెక్కును బిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన షాపు ముందు ఆపి, దిగకుండా, ఇంజను కూడా ఆపకుండా, "పోయి చెప్పి రా" అన్నాడు. నేను లోపలికి వెళ్ళాను. మంజులమ్మ డెక్కు తిప్పి చూసి మొహం చిట్లించింది. "ఎవురు ఇరిచినారు?"

స్కూటరు మీంచి ఆయన నన్నే చూస్తున్నాడు. నేనే అనే మాట నోట్లో సిద్ధంగా ఉంది. ఆరేళ్ళుగా నేనే అంటున్నాను. కూరలో ఉప్పెక్కువైతే నేనే, ఆయన తాళాలు పోతే నేనే, పిల్లలు పుట్టకపోతే నేనే. ఇంకొక్కసారి అంటే ఇంటిదాకా సుఖంగా పోవచ్చు.

"మా ఇంటాయన ఇరిచినాడు" అన్నాను. బయటికి వినబడేలా అన్నాను. "నేను టార్చి పట్టుకోని ఉంటిని. చెప్తే ఇనలేదు. నువ్వడిగిన పనికి నేను వస్తానమ్మా."

మంజులమ్మ బయటికి చూసింది, నన్ను చూసింది. "తాలూకాఫీసు ఎనకింట్లో సినిమా కోసరం కాచుకోనుండారు. ఇప్పుడే పోతావా?"

"పోతాను."

ఇంకో డెక్కు సంచిలో పెట్టిచ్చింది. దాన్ని భుజాన వేసుకుని బయటికి వచ్చాను. ఆయన ఇంజను ఆపాడు. తిడతాడనుకున్నాను. బజారు కదా, తిట్టలేడు. పళ్ళ మధ్య నుంచి, "ఇంట్లో మనుషులున్నారు. ఎప్పుడొస్తావ్?" అన్నాడు.

ఆరేళ్ళుగా గుమ్మంలో నిలబడి నేను అడిగిన ప్రశ్న అది. దానికి ఆయన ఏనాడూ టైము చెప్పలేదు.

"పనయినాక" అని నడిచాను.