ఇంజనుకు హారతి

నేను ఒక కార్బురేటర్ని. పేరు వినగానే మొహం చిట్లించకండి. పెట్రోలునూ గాలినీ తగుపాళ్లలో కలిపి ఇంజనుకు వడ్డించడం నా ఉద్యోగం. ఇప్పటి కార్లలో నాకు చోటు లేదు. ఎవరి రోజులు వారివి.

ఏదో కార్ఖానాలో నన్ను పోతపోసి ఒక తెల్ల కారుకు బిగించారు. మొదటి యజమాని కాంట్రాక్టరు. రోడ్లు తానే నాసిగా వేయించి, బండి కుదిపేస్తోందని నన్ను తిట్టేవాడు. చివరికి అనకాపల్లిలో అద్దెకారు తిప్పే గౌరునాయుడి చేతిలో పడ్డాను. మనిషి మంచివాడే. కారు పైభాగం రోజూ అద్దంలా తుడిచేవాడు. బానెట్ ఎత్తేది మాత్రం పండక్కే.

నా కడుపులో ఒక ఇత్తడి బంతి తేలుతూ ఉంటుంది. పెట్రోలు నిండగానే అది పైకి లేచి దారి మూయిస్తుంది. ఆ బంతికి వెంట్రుకవాసి పగులొచ్చింది. లోపలికి పెట్రోలు దిగి బంతి మునిగింది. ఇక దారి మూసే దిక్కులేక నేను పొంగి పొర్లడం మొదలుపెట్టాను.

టాంకీ కారితే మన డ్రైవర్లు బట్టల సబ్బు నలిపి పూస్తారు. గౌరునాయుడు అదే వైద్యం నాకూ చేశాడు. లోపలి రోగానికి పైపూత! అలా కొన్నాళ్లు గడిచాక ఆయన భార్య పైడితల్లి ఊరుకోలేదు.

"మావా, బండి కాడ ఒకటే పెట్రోలు కంపు. నలుగురూ ఎక్కీ బండి. ఏటైనా అయితే ఎవులిది పూచీ? మెకానిక్ బాయ్‌కి సూపించు."

మెకానిక్ బషీర్ వచ్చాడు. సబ్బంతా గీకి, నా మూత విప్పి, బంతిని చెవి దగ్గర ఆడించాడు. లోపల పెట్రోలు గలగలలాడింది. వేడినీళ్లలో ముంచితే పగులు దగ్గర బుడగలొచ్చాయి.

"ఇదే అన్నా, దొంగ. తేలాల్సింది మునిగిపోతంది. రేపు దసరా, కొట్లుండవు. ఎల్లుండి వైజాగ్ నుంచి కొత్తది తెస్తాను. అందాకా బండి తియ్యకు. నిప్పు దగ్గరికి రానీకు, నీకు దండం పెడతాను" అన్నాడు. లోపలికి దుమ్ము పోకుండా పాత బంతితోనే నన్ను మళ్లీ బిగించి వెళ్లాడు.

గౌరునాయుడు మాట విన్నాడండీ, అదే నా బాధ. వచ్చిన బేరం వదులుకున్నాడు. జేబులో బీడీకట్ట తీసి కాలవలో పారేశాడు. చుట్టతో వచ్చిన సొంత మేనమామను గేటు దగ్గరే ఆపేశాడు.

దసరా పొద్దున్న కారు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలి కదా. నాలుగడుగులు కదిపితే బండి తీసినట్టా అనుకుని గౌరునాయుడు స్టార్టు చేశాడు. నేను పొంగాను. నిమ్మకాయలు నలిగాయి. ఇంజను ఆగకుండానే, అలవాటు ప్రకారం బానెట్ ఎత్తారు.

పైడితల్లి కొత్త చీర కట్టుకుని, పళ్లెంలో కర్పూరం వెలిగించి నా ముందుకొచ్చింది. కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటూ పళ్లెం తిప్పింది. అందరికంటే ముందు నా గురించి భయపడింది ఆవిడే. అగ్ని అంత తొందరగా అంటుకుంటుందని నాకే తెలియదు. గౌరునాయుడు దిగి గోనె కప్పేసరికి చీరంతా మంటే. ఆసుపత్రికి తీసుకెళ్లారు. తెల్లారేసరికి పైడితల్లి లేదు.

నేనిప్పుడు పాత ఇనుము కొట్లో తుప్పు రేకుల కింద ఉన్నాను. మసి ఇంకా వదల్లేదు. మనుషుల మీద వేళాకోళాలాడటం మానేశాను. నన్ను ఇక్కడికి తేకముందు విన్న మాటలే చెవుల్లో ఉన్నాయి.

దసరా మర్నాడు బషీర్ చెప్పినట్టే కొత్త బంతి పట్టుకొచ్చాడు. కాలిన కారు పక్కన, చేతులకు కట్లతో గౌరునాయుడు నేలమీద కూర్చుని ఉన్నాడు. బషీర్ ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"నిప్పు రానీకని అంతలా చెప్పాను కదన్నా! ఎవరు తెచ్చారన్నా నిప్పు?"

గౌరునాయుడు అర్థంకానట్టు చూశాడు.

"నిప్పెవులు తెచ్చినారు బాయ్? ఎవుల్నీ రానివ్వలేదు. అది హారతి ఇచ్చింది, అంతే."